యుద్ధంలో చనిపోయిన మామూలు సైనికులకు స్మారక ఫలకం పెట్టించాలంటే

ఫలకం పెట్టాలని నలుగురు కూర్చోగానే మాట నేరుగా రాయి మీదికి వెళ్లిపోతుంది. నల్ల గ్రానైటా, పాలరాయా, కంచా, ఎంత పెద్దది, ఆవిష్కరణకు ఎవరిని పిలవాలి. ఇవన్నీ తర్వాతి సంగతులు. మొత్తం పనిలో సగానికి పైగా సమయం పేర్ల మీదే పెట్టండి. సేనాధిపతికి విగ్రహం ఉంటుంది, చరిత్ర పుస్తకాల్లో పేజీలుంటాయి, ఆయన పేరుతో రోడ్లుంటాయి. మామూలు సిపాయికి ఇంటి బయట పేరు కనిపించే చోటు చాలాసార్లు ఆ ఒక్క ఫలకమే. అందులో కూడా అక్షరం తప్పు పడితే, ఆ ఇంటివాళ్లు వచ్చి చూసుకున్నప్పుడు వాళ్లకు ఎలా ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచించండి, ఏ పని ముందు చేయాలో మీకే తెలిసిపోతుంది.

ఎవరి పేర్లు

మొదట హద్దు గీసుకోవాలి. ఒక ఊరివాళ్లా, ఒక బడిలో చదివినవాళ్లా, ఒక ఆఫీసులో పనిచేసినవాళ్లా, ఒక దళంవాళ్లా? ఊరు అనుకుంటే పుట్టిన ఊరా, సైన్యంలో చేరేనాటికి ఉంటున్న ఊరా, భార్యాపిల్లలున్న ఊరా? దీన్ని మొదటి మీటింగులోనే కాగితం మీద రాసుకోండి, లేకపోతే జాబితా సగంలో ఉండగా గొడవ మొదలవుతుంది. సందేహం ఉన్న పేరును తీసేయడం కంటే ఉంచడమే మంచిదని నా అభిప్రాయం. ఒకే మనిషి పేరు రెండు ఊళ్ల ఫలకాల మీద ఉంటే నష్టమేమీ లేదు, మొదటి ప్రపంచ యుద్ధం నాటి స్మారకాల్లో ఇది మామూలే. ఇక్కడివాళ్లు అక్కడ ఉంటుందనుకుని, అక్కడివాళ్లు ఇక్కడ ఉంటుందనుకుని, చివరికి ఎక్కడా లేకుండా పోవడమే అన్యాయం.

ఇంతకంటే కష్టమైన ప్రశ్న, ఎలా చనిపోయినవాళ్లను చేర్చాలన్నది. యుద్ధభూమిలో తూటా తగిలి పోయినవాళ్ల గురించి ఎవరికీ సందేహం ఉండదు. శిబిరంలో జ్వరం వచ్చి పోయినవాడు? శిక్షణలో లారీ బోల్తా పడి పోయినవాడు? శత్రువు చెరలో ఆకలితో పోయినవాడు, గాయాలతో ఇంటికొచ్చి రెండేళ్లు మంచంలో ఉండి పోయినవాడు, తిరిగొచ్చాక ప్రాణం తీసుకున్నవాడు? ఇక్కడ కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ పద్ధతి చూస్తే దారి దొరుకుతుంది, రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన కామన్‌వెల్త్ దేశాల సైనికుల సమాధులనూ స్మారకాలనూ చూసుకునే సంస్థ అది. వాళ్లు మొదటి ప్రపంచ యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 వరకు తేదీలు పెట్టుకున్నారు. ఆ మధ్యలో సైన్యంలో ఉండగా ఏ కారణంతో చనిపోయినా లెక్కలోకి వస్తారు, సైన్యం నుంచి బయటికి వచ్చాక పోయినవాళ్లయితే ఆ మరణానికి సర్వీసుతో సంబంధం ఉండాలి. అంటే తుపాకులు ఆగిపోయిన చాలాకాలం తర్వాతి మరణాలు కూడా యుద్ధం ఖాతాలోవే. మీరు కూడా ఇలాగే రెండు తేదీలు, ఒక నియమం పెట్టుకుంటే ఒక్కో మనిషి మరణం మీద చర్చ పెట్టే అవసరం రాదు. చావు గొప్పదా కాదా అని తూకం వేసే పని కమిటీది కాదు.

శిక్ష పడినవాళ్ల సంగతి కూడా వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పారిపోయారనీ, పిరికితనం చూపారనీ, ఇంకా అలాంటి నేరాల కిందా బ్రిటిష్ సైన్యం తనవాళ్లనే కాల్చి చంపింది. వాళ్లలో 306 మందికి 2006లో బ్రిటన్ ప్రభుత్వం క్షమాభిక్ష ఇచ్చింది. అంతకుముందు వాళ్ల పేర్లను చాలా ఊళ్లలో స్మారకాల మీదికి రానివ్వలేదు, దశాబ్దాల తర్వాత కొన్నిచోట్ల చేర్చారు. అన్నేళ్లు ఆ కుటుంబాలు ఆ ఫలకం ముందు నుంచే నడిచి వెళ్లాయి.

తుపాకీ పట్టనివాళ్లను మర్చిపోకండి. మూటలు మోసినవాళ్లు, కంచర గాడిదల్ని తోలినవాళ్లు, వంటవాళ్లు, గాయపడినవాళ్లను మోసుకొచ్చినవాళ్లు, కందకాలు తవ్విన కూలీ దళాలు. ఈ విషయంలో పెద్ద సంస్థలే తప్పాయి. పైన చెప్పిన వార్ గ్రేవ్స్ కమిషన్ 1917లో పుట్టినప్పటి నుంచీ చెప్పుకున్న సూత్రం ఒకటే, ర్యాంకు, జాతి, మతం చూడకుండా చనిపోయిన ప్రతి ఒక్కరినీ పేరుతో సమానంగా గుర్తు చేసుకోవాలని. 2021లో వాళ్లే వేసిన విచారణలో తేలింది వేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్లలో 45 వేల నుంచి 54 వేల మందిని, ఎక్కువగా ఆఫ్రికా వాళ్లనూ, భారతీయులనూ, ఈజిప్టు వాళ్లనూ మిగతావాళ్లతో సమానంగా గుర్తించలేదు. పేరుతో గుర్తించనివాళ్లు, అసలే గుర్తించనివాళ్లు ఇంకో 1,16,000 మందికి తక్కువ ఉండరు. కమిషన్ క్షమాపణ చెప్పింది. చాలామందికి జాబితాలే మిగల్లేదు కాబట్టి ఇప్పుడు పేర్లు వెతకడం ఎంత కష్టమో ఊహించండి. అందుకే మీ జాబితా మొదటి చిత్తు తయారవగానే ఒక్క ప్రశ్న వేసుకోండి, ఇందులో సిపాయిలు మాత్రమే ఉన్నారా, వాళ్ల వెనక నడిచినవాళ్లు కూడా ఉన్నారా?

పేరు ఖాయం చేసుకోవడం

ప్రతి పేరుకీ కనీసం రెండు ఆధారాలు ఉండాలి, అవి ఒకదాన్ని చూసి ఒకటి రాసినవి కాకూడదు. సర్వీసు రికార్డు, పెన్షన్ కాగితాలు, దళం చరిత్ర, సమాధి రాయి, బడి రిజిస్టరు, అప్పటి పత్రికలో వచ్చిన మరణవార్త, ఇంట్లో దాచుకున్న ఉత్తరాలు, పతకం అంచున చెక్కిన నంబరు. ఇంతకుముందు ఎవరో తయారుచేసిన జాబితా మీ చేతికి వస్తే దాన్ని ఆధారంగా తీసుకోకండి, వెతకడానికి మొదటి మెట్టుగా మాత్రమే వాడుకోండి, పాత జాబితాల్లోని తప్పులు కొత్త రాళ్ల మీదికి అలాగే వచ్చి చేరతాయి.

ఆ మనిషి నిజంగా చనిపోయాడా అన్నది కూడా సరిచూడాలి. ఇది విచిత్రంగా అనిపించవచ్చు కానీ వియత్నాం యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికుల కోసం వాషింగ్టన్‌లో కట్టిన స్మారక గోడ మీద బతికి ఉన్నవాళ్ల పేర్లు కొన్ని చెక్కేశారు, కారణం రికార్డుల్లో దొర్లిన తప్పులే.

ఒకే పేరున్నవాళ్లు ఉంటారు. సర్వీసు నంబరు, తండ్రి పేరు, ఊరు, చనిపోయిన తేదీ, ఈ నాలుగూ పక్కన పెట్టుకుంటే ఎవరు ఎవరో తేలుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన భారతీయ సైనికుల వివరాల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా చాలాచోట్ల రాసిపెట్టారు, ఇంటిపేరు వాడుకలో లేని చోట్ల మనిషిని గుర్తుపట్టడానికి అదే ఆధారం.

ఇక స్పెల్లింగు. సైన్యంలో గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నాడు, అది ఇంగ్లీషులోకి వెళ్లింది, దాన్ని మళ్లీ తెలుగులోకి తెచ్చేటప్పుడు ల, ళ తేడా, న, ణ తేడా, త, ట తేడా, దీర్ఘాలు, ఒత్తులు ఏవీ తెలియవు. ఊహించి రాయకండి. ఇంటివాళ్లు ఎలా రాస్తారో, వీలైతే ఆ మనిషి తన సంతకం ఎలా పెట్టేవాడో అదే ఖాయం చేయండి. సైన్యం రికార్డుకీ ఇంటి వాడుకకీ తేడా ఉంటే ఫలకం మీద ఇంటివాళ్లు రాసే రూపమే వేసి, రికార్డులో ఎలా ఉందో మీ ఫైల్లో రాసుకోండి.

కుటుంబాలను బహిరంగంగా ప్రకటించకముందే కలవాలి, తర్వాత కాదు. ఫోన్ చేసి పేరు అడిగి పెట్టేయడం కాదు, ఒకరు వెళ్లి కూర్చుని, ఏం రాయబోతున్నారో కాగితం మీద చూపించి, ఆలోచించుకోవడానికి కొన్ని రోజులు ఇవ్వాలి. కొన్ని ఇళ్లలో ఆ చావు గురించి ఎన్నడూ గట్టిగా మాట్లాడుకుని ఉండరు. కొందరు వద్దంటారు. ఎందుకని నిలదీయకండి, పేరు పట్టడానికి జాగా మాత్రం వదిలిపెట్టి ఉంచండి, మనసు మారితే అప్పుడు చేర్చవచ్చు.

ఏం రాయాలి, ఏ వరసలో

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ ప్రభుత్వం చనిపోయిన ప్రతి సైనికుడి ఇంటికీ ఒక కంచు బిళ్ల పంపింది. దాదాపు 120 మిల్లీమీటర్ల వ్యాసం, ఎడ్వర్డ్ కార్టర్ ప్రెస్టన్ రూపకల్పన, 13 లక్షలకు పైగా పోత పోశారు. దాని మీద పేరు ఉంటుంది కానీ ర్యాంకు ఉండదు. కావాలనే వదిలేశారు, ఒకరి త్యాగం ఇంకొకరిదానికంటే ఎక్కువ కాదని. ఈ ఒక్క నిర్ణయం ఫలకం పెట్టే ప్రతివాళ్లూ గుర్తుపెట్టుకోవాలి. ర్యాంకు రాయాలనిపిస్తే రాయండి, కుటుంబాలకు అది గౌరవమే, కానీ ర్యాంకుల వరసలో పేర్లు పేర్చకండి, అధికారి పేరు లావు అక్షరాల్లో, సిపాయి పేరు సన్న అక్షరాల్లో వేయకండి. అందరికీ ఒకే సైజు, అక్షరక్రమం. ఇంటిపేరుతో మొదలుపెట్టాలా, అసలు పేరుతోనా అన్నది ముందే తేల్చుకోండి, సగం అలా సగం ఇలా ఉంటే వెతుక్కునేవాళ్లకు దొరకదు.

తేదీల వరస ఇంకో దారి. వియత్నాం గోడ మీద 58 వేలకు పైగా పేర్లు చనిపోయిన తేదీ ప్రకారం ఉంటాయి, ఒకే రోజు పోయినవాళ్లు పక్కపక్కనే ఉంటారు, ఆ రోజు బతికి బయటపడిన తోటి సైనికుడు వచ్చి చూస్తే తన వాళ్లంతా ఒక్కచోటే కనిపిస్తారు. 21 ఏళ్ల విద్యార్థిని మాయా లిన్ చేసిన రూపకల్పన అది. కానీ అలా పెడితే పక్కనే పేర్ల సూచిక తప్పనిసరి, అక్కడ కూడా ఉంది. పదీ పాతిక పేర్లున్న ఫలకానికి అక్షరక్రమమే హాయి.

పైన రాసే వాక్యం చిన్నదిగా ఉండాలి. ఏ యుద్ధం, ఏ సంవత్సరాలు, వీళ్లు ఎక్కడివాళ్లు. అంతే. విశేషణాలు పెరిగేకొద్దీ పేర్లకు చోటు తగ్గుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కామన్‌వెల్త్ సైనికుల సమాధి రాళ్ల మీద కుటుంబం రాయించుకునే మాటకు 66 అక్షరాలే హద్దు పెట్టారు, ఆ హద్దులో తల్లులూ భార్యలూ రాయించిన మాటలు చదివితే ఇంకేమీ అక్కర్లేదనిపిస్తుంది. శవం దొరకనివాళ్లుంటే ఆ సంగతి గుర్తుతోనో చిన్న మాటతోనో చెప్పండి, ఆ కుటుంబాలకు వేరే సమాధి లేదు. వియత్నాం గోడ మీద మరణం రూఢి అయినవాళ్ల పక్కన వజ్రం గుర్తు, ఆచూకీ లేనివాళ్ల పక్కన చిన్న శిలువ ఆకారం గుర్తు ఉంటాయి.

ఆవిష్కరించినవాళ్ల పేర్లు, దాతల పేర్లు, కమిటీ పేర్లు ఫలకం మీద వద్దు. ఈ విషయంలో నేను మెత్తబడను. తప్పదంటే వేరే చిన్న పలక మీద, వేరే గోడకు. సైనికుల పేర్ల కంటే పెద్ద అక్షరాల్లో ముఖ్య అతిథి పేరున్న ఫలకం ఎవరి స్మారకమో చూసేవాళ్లకు అర్థం కాదు. ఫొటోల సంగతీ అంతే, అందరివీ దొరికితే వేయండి, ముగ్గురివే దొరికితే ఎవరివీ వద్దు.

రాయా, కంచా

బయట ఎండకూ వానకూ ఉండే ఫలకానికి గ్రానైట్, లేదా కంచు. పాలరాయి లోపలి గోడలకు బాగుంటుంది, బయట పెడితే వాన నీటిలోని కొద్దిపాటి ఆమ్లానికే పైపొర కరుగుతూ పోయి అక్షరాల అంచులు మెత్తబడతాయి, పాత పాలరాతి శాసనాలు వేలితో తడిమి చదవాల్సి రావడానికి కారణం ఇదే. మెరుగు పెట్టిన నల్ల గ్రానైట్‌లో ఇసుక ధారతో చెక్కితే అక్షరం బూడిద రంగులో తేలి రంగు వేయకపోయినా కనిపిస్తుంది. వియత్నాం గోడ రాయి కూడా నల్ల గ్రానైటే, అది బెంగళూరు నుంచి వెళ్లింది, అద్దంలా మెరిసే ఆ రాతిలో పేరు చదివేవాళ్ల ముఖం కూడా కనిపిస్తుంది. రంగు నింపిన అక్షరాలు అందంగా ఉంటాయి కానీ కొన్నేళ్లకు రంగు రాలుతుంది, కాబట్టి రంగు పోయినా చదవగలిగేంత లోతు ఉండాలని ముందే ఒప్పందంలో రాయించుకోండి. బంగారు రంగు పెయింటు కంటే అసలు బంగారు రేకు చాలాకాలం నిలుస్తుంది.

కంచులో పేరు ఉబ్బెత్తుగా వస్తుంది, చేత్తో తడిమితే తెలుస్తుంది, చూపు లేనివాళ్లకు ఇది పెద్ద మేలు. రెండు ఇబ్బందులున్నాయి. తుక్కు కోసం దొంగిలిస్తారు, యుద్ధ స్మారకాల కంచు పలకలు ఊడబీక్కుపోవడం ఎన్నో దేశాల్లో జరిగింది. రెండోది, వాన నీళ్లు కంచు మీద నుంచి కారి కింద ఉన్న లేత రంగు రాతిని ఆకుపచ్చగా మరక చేస్తాయి.

అక్షరాల సైజుకు ఒక మోటు లెక్క ఉంది. మూడు మీటర్ల దూరం నుంచి హాయిగా చదవాలంటే ఇంగ్లీషు పెద్ద అక్షరమైతే 25 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. తెలుగుకు ఇంకొంచెం పెంచండి, పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి వరసల మధ్య జాగా కూడా ఎక్కువే కావాలి, లేకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిని తగులుతుంది. సన్నటి గీతలున్న ఫాంటు వద్దు. పోతలో చిన్న చిన్న ఖాళీలు పూడిపోయి సున్నా చుక్కలా, ‘మ’ ముద్దలా వస్తాయి, రాతిలోనేమో సన్నటి అంచులు ఎగిరిపోతాయి. మీ జాబితాలో అన్నిటికంటే క్లిష్టమైన పేరు, రెండు మూడు ఒత్తులున్నది, ముందుగా నమూనాకు చెక్కించి చూడండి.

డిజైన్ ఫైలు దగ్గర అసలు ప్రమాదం ఉంది. యూనికోడ్‌లో టైప్ చేసిన తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లగానే ఒత్తులు పక్కకు జరగడం, అక్షరాలు విడిపోవడం, ఫాంటు మార్చినప్పుడు ఒక అక్షరం ఇంకోటైపోవడం రోజూ జరిగేదే. కాబట్టి మీరు పంపిన జాబితాను సరిచూసుకుని ఊరుకుంటే చాలదు, అక్షరాలను గీతలుగా మార్చిన చివరి ఫైలును అసలు సైజులో ప్రింటు తీయించి మొదటి నుంచీ సరిచూడాలి. ఒకరు మూల కాగితం చూసి అక్షరం అక్షరం పైకి చదవాలి, ఇంకొకరు ప్రింటు మీద వేలు పెట్టి చూడాలి. తర్వాత ఇద్దరూ చోట్లు మార్చుకుని కింద నుంచి పైకి. వరసగా చదివితే కళ్లు అలవాటుగా దాటేసే తప్పులు తలకిందుల వరసలో దొరుకుతాయి. ప్రతి కుటుంబం తమ పేరు పక్కన సంతకం పెట్టాక కానీ పనివాడికి సరే అనకండి. రాతికి స్టెన్సిల్ అతికించాక, ఇసుక ధార పెట్టకముందు, మీలో ఒకరు అక్కడికి వెళ్లి ఇంకోసారి చదవండి. గ్రానైట్ మీద పడిన తప్పును సరిచేయాలంటే ఆ పొర మొత్తం అరగదీయాలి, లేదా పలకే మార్చాలి.

ఆ అసలు సైజు ప్రింటును పారేయకండి, ఫలకం పెట్టబోయే గోడకు అతికించండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెలుతురు చూడండి, నిలబడి చదవండి, కుర్చీలో కూర్చుని చదవండి, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు పై వరసలు అందుతాయో లేదో చూడండి.

బిగించడం, ఆ తర్వాత

గోడ ఎవరిదో వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అందులోనే ఇంకో రెండు మాటలు ఉండాలి: భవనం అమ్మినా కూల్చినా ఫలకం ఎవరికి అప్పగించాలి, శుభ్రం చేసే బాధ్యత ఎవరిది. మూతపడిన బడుల్లోంచీ ఫ్యాక్టరీల్లోంచీ స్మారక ఫలకాలు చెత్తలోకి వెళ్లిపోయిన సందర్భాలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. పాత కట్టడమైతే ప్రభుత్వ అనుమతి కూడా అవసరం పడవచ్చు.

ఇనుప మేకులు, ఇనుప బోల్టులు వాడనివ్వకండి. ఇనుము తుప్పు పట్టినప్పుడు ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి రాయి పగులుతుంది, కంచుకు ఆనుకుని ఉంటే ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్, లేదా కంచు బోల్టులు. తలలు బయటికి కనిపించకుండా వెనక నుంచి పట్టేలా ఉంటే దొంగలకు పని కష్టం. పాత రాతి గోడ అయితే రాతిలో కాకుండా రాళ్ల మధ్య అతుకులో రంధ్రం వేయించండి, ఎప్పుడైనా తీయాల్సి వస్తే గోడ పాడవదు. ఫలకం వెనక నీళ్లు నిలవకుండా సన్నని సందు ఉండాలి.

శుభ్రం చేయడానికి మంచినీళ్లు, మెత్తటి కుచ్చు బ్రష్షు చాలు. ఆమ్లం, బ్లీచింగు, వైరు బ్రష్షు, ప్రెషర్ వాషర్ దగ్గరికి రానివ్వకండి. వేడుక ముందురోజు ఉత్సాహంగా తోమేవాళ్లే ఫలకాలకు ఎక్కువ హాని చేస్తారు. కంచును ఇత్తడి గిన్నెలా తళతళలాడేలా తోమాల్సిన పని లేదు, ఆ గోధుమ రంగు పొరే దానికి రక్ష, ఏడాదికోసారి పలచగా మైనం పూత పూస్తే సరిపోతుంది. అక్షరాలు మసకబారితే వెంటనే మళ్లీ చెక్కించకండి, ముందు పక్క నుంచి టార్చి వెలుగు ఏటవాలుగా పడేలా ఫొటోలు తీసి ఉన్నదేమిటో ఖాయం చేసుకోండి. మసక అక్షరాన్ని ఊహతో తిరగ చెక్కితే ఒక పేరు ఇంకో పేరైపోతుంది.

క్యూఆర్ కోడ్ పెట్టాలనుకుంటే పక్కన తీసేయగల చిన్న పలక మీద పెట్టండి. రాయి ఉన్నన్నాళ్లు వెబ్‌సైట్ ఉండదు.

జాబితా ఎప్పటికీ పూర్తి కాదని ముందే ఒప్పుకోండి. బెల్జియంలోని మెనిన్ గేట్ అనే మొదటి ప్రపంచ యుద్ధ స్మారకం మీద సమాధి దొరకనివాళ్ల పేర్లు 54 వేలకు పైగా ఉన్నాయి, 1927లో ఆవిష్కరించిన తర్వాత కూడా చేర్పుల కోసం వేరే పలకలు పెట్టాల్సి వచ్చింది. ఫ్రాన్స్‌లో తియెప్వాల్ స్మారకం మీద పేరున్న సైనికుడి అవశేషాలు ఎప్పుడైనా దొరికి, గుర్తుపట్టి సమాధి చేస్తే, అక్కడి నుంచి ఆ పేరు తీసేస్తారు. ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో ఒక్కో సైనికుడికీ ఒక్కో గ్రానైట్ పలక పెట్టారు. వేరువేరు పలకలైతే ఒక పేరు చేర్చాలన్నా, సరిదిద్దాలన్నా మిగతావాటిని ముట్టుకోనక్కర్లేదు, మీ బడ్జెట్‌కు కుదిరితే ఈ పద్ధతి గురించి తప్పక ఆలోచించండి. కుదరకపోతే కింద కొన్ని వరసలు ఖాళీగా వదలండి, అదే రాయి, అదే ఫాంటు మళ్లీ దొరికేలా వాటి వివరాలు రాసిపెట్టుకోండి.

చివరగా ఫైలు. ఒక్కో పేరుకు ఒక్కో కాగితం: పేరు ఎలా ఖాయం చేశారు, ఏ ఆధారాలు చూశారు, కుటుంబంలో ఎవరు సంతకం పెట్టారు, ఎక్కడ సందేహం మిగిలింది. ఎవరి పేరు చేర్చలేదో, ఎందుకో అది కూడా. దాంతోపాటు ఫలకం ఫొటోలు, చివరి డిజైన్ ఫైలు, పనిచేసినవాళ్ల వివరాలు, గోడ ఒప్పందం. ఒక కాపీ గ్రంథాలయానికి, ఒకటి ఫలకం ఉన్న భవనం వాళ్లకు ఇవ్వండి, ఒక్కో కుటుంబానికి వాళ్లవాళ్ల కాగితం ఇవ్వండి. తప్పులు, కొత్త పేర్లు చెప్పాలంటే ఎవరిని కలవాలో స్మారక దినం రోజున పైకి ప్రకటించండి, వచ్చిన ప్రతి పేరునూ మొదటి పేర్లను చూసినట్టే రెండు ఆధారాలతో చూడండి, ఆలస్యమైందని తేలిగ్గా తీసుకోకండి.